అమ్మ అప్పులవాళ్ళ గడపలెక్కిన ఎండాకాలం

మొన్న మధ్యాహ్నం నా మనవరాలు వచ్చింది. అన్నం తిని నా పక్కన కూర్చుని గోళ్ళు చూసుకుంది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. వాళ్ళాయన కంపెనీలో మనుషుల్ని తీసేస్తున్నారట. ఇంటి లోను, బండి లోను, పిల్లవాడి ఫీజు అన్నీ నెత్తిమీద ఉన్నాయి. "ఎవ్వరికీ చెప్పొద్దంటున్నడు అమ్మమ్మా. ఉద్యోగం పోకపోవచ్చు గదా, అప్పుడే ఎందుకు లొల్లి అంటడు."

ఎవ్వరికీ చెప్పొద్దు. ఈ మాట నేను చిన్నప్పుడు విన్నాను, గొంతు ఇలాగే తగ్గించి అంటుండగా. విన్నది పాతబస్తీ లాల్‌దర్వాజా గల్లీలో, మా అద్దె ఇంట్లో, రొట్టెల పొయ్యి ముందు. అన్నది మా బాపు. ఆ ఎండాకాలం సంగతే దానికి చెప్పాను.

బాపు ఒక నవాబు గారి దేవిడీలో బగ్గీ తోలేవాడు. దేవిడీ అంటే గోడల వెనక ఒక చిన్న ఊరే. ముందు కమాను ద్వారం, లోపల అంగణం, ఆడవాళ్ళుండే జనానా, వెనకాల గుర్రాల తబేలా. మాకు తెలిసింది తబేలా మాత్రమే. బాపు సాయంత్రం ఇంటికి వస్తే ఆయన కంటే ముందు వాసన వచ్చేది. గుర్రపు చెమట, తోలుపట్టీలకు రాసే నూనె, ఎండుగడ్డి అన్నీ కలిసిన వాసన. చేతిలో ఎప్పుడూ ఒక ఇత్తడి చెంబు ఉండేది. అందులో ఉలవల నీళ్ళు. తబేలాలో పెద్ద డేగిసాలో ఉలవలు ఉడికించేవారు. ఉలవలు గుర్రాలకు, నీళ్ళు మాకు. అమ్మ ఆ నీళ్ళలో చింతపండు పిసికి, ఎండుమిరపకాయ, వెల్లుల్లి వేసి చారు మరగబెడితే గల్లీ చివరిదాకా ఘుమఘుమలాడేది. జొన్నరొట్టె తుంచి ఆ చారులో నానబెట్టుకుని తినేవాళ్ళం.

ఒక్కోసారి బాపు జేబులో ఉడికిన ఉలవ గుడాలు కూడా తెచ్చేవాడు. నేను బగ్గీవాణ్ణి అయ్యేదాన్ని, తమ్ముడు గుర్రం అయ్యేవాడు. వాడి నడుముకు నాయనమ్మ పాత చీరపేలిక కట్టి, గుప్పెడు గుడాలు చూపించి గల్లీ అంతా పరుగెత్తించేదాన్ని. వాడు సకిలిస్తూ పోయి ఎవరి గడప ముందు ముగ్గునో తొక్కేవాడు. తిట్లు మాత్రం నాకు పడేవి.

అప్పులు ఎలా వచ్చాయో కూడా చెప్పాలి. ఆ ఎండాకాలానికి ముందు ఏడు కొత్తగా తెచ్చిన గుర్రం ఒకటి బాపు మోకాలి మీద తన్నింది. వానాకాలమంతా మంచంలో ఉన్నాడు. ఎముకలు సరిచేసే పహిల్వాన్ వచ్చి కట్లు కట్టి పోయేవాడు. దేవిడీ వాళ్ళు మొదట సగం జీతం పంపారు, తర్వాత అదీ ఆపారు. ఆ కొన్ని నెలల్లో ఇంట్లోకి మూడు అప్పులు వచ్చాయి. గల్లీ మొదట్లో కిరాణా సేఠ్ దగ్గర బియ్యం, జొన్నలు, నూనె ఉద్దెర. కార్వాన్‌లో ఒక సాహుకారు దగ్గర అమ్మ వెండి ఒడ్డాణం కుదువ. ఆ పైన, వడ్డీకి తిప్పే ఒక రోహిలా పఠాను దగ్గర రొక్కం అప్పు. ఆయన్ను అందరూ ఖాన్ సాబ్ అనేవారు. నెల మొదట్లో పొడుగు కర్ర పట్టుకుని వచ్చి మా అరుగు మీద కూర్చునేవాడు. బాపు మళ్ళీ పనికి పోవడం మొదలుపెట్టాక జీతం వచ్చింది వచ్చినట్టే ఈ మూడు చోట్లకు పోయేది. అయినా అప్పు మాత్రం తగ్గేది కాదు.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం బాపు చెంబు లేకుండా వచ్చాడు. పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చున్నాడు.

"దేవిడీకి మోటరొచ్చింది," అన్నాడు. "తోలెటోన్ని బొంబాయికెల్లి పిలిపించిండ్రు. గుర్రాలను ఏం జేస్తరో ఎవ్వలు చెప్తలేరు. నువ్వు ఎవ్వలకూ చెప్పకు. సేఠ్‌కు తెలిస్తే ఉద్దెర బంద్ జేస్తడు. ఖాన్ సాబ్‌కు తెలిస్తే దినాం ఇంటి ముంగట కూసుంటడు. నౌకరీ పోతదని ఎవ్వలన్నరు? ఉండొచ్చు."

అమ్మ రొట్టె తిరగేసింది. "ఉంటే మంచిదే. పోతే?"

"పోయినప్పుడు సూద్దాం."

"పోయినంక మన మాట ఎవ్వలింటరు? ఇయ్యాల నీకు నౌకరీ ఉన్నది. ఇయ్యాల చెప్తేనే మాటకు ఇజ్జత్. రేపు ఇంకొకల నోట్లకెల్లి వింటే మనల్ని దొంగలంటరు."

"ఇజ్జత్ గురించి నాకు చెప్తున్నవా? ఆడిదానివి, బజార్ల పడి మా ఇంట్ల తిననీకె లేదని చెప్పుకుంటవా?"

"తిననీకె లేదని కాదు. బాకీ తీరుస్తమని చెప్పి వస్త."

బాపు గోడవైపు తిరిగి కూర్చున్నాడు. అమ్మకు ఆయన ఎదురుచెప్పడం మానేశాడంటే ఒప్పుకున్నట్టు కాదు.

మరునాడు పొద్దున్నే అమ్మ నన్ను వెంటబెట్టుకుని సేఠ్ దుకాణానికి పోయింది. బెల్లం, ఆముదం, గోనెసంచుల వాసన కొట్టే చీకటి దుకాణం అది. "సేఠ్, ఇయ్యాల్టి సంది మాకు ఉద్దెర వద్దు. పైసలుంటేనే కొంటం. పాత బాకీ నెలనెలా కొంత ఇస్తం," అంది. ఎందుకని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పింది. సేఠ్ చేతిలో తక్కెడ గాల్లోనే ఆగిపోయింది. "అచ్ఛా, అచ్ఛా," అన్నాడు గానీ ఆయన ముఖం మారింది.

ఆ తెల్లవారి సేఠే మా గడప ముందు నిలబడ్డాడు. మొత్తం బాకీ ఇప్పుడే కావాలన్నాడు. నెలనెలా అంటే కుదరదన్నాడు. ఇరుగుపొరుగు తలుపులు తెరిచి చూస్తున్నారు. బాపు అమ్మవైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. అమ్మ ఇంటి వెనక్కి పోయింది. స్నానాల నీళ్ళు కాగే రాగి కాగును వంచి నీళ్ళన్నీ పారబోసింది. మసి పట్టిన కాగును దొర్లించుకుంటూ తెచ్చి సేఠ్ ముందు పెట్టింది.

"తూకం ఏయించుకో సేఠ్. ఎక్కువైతే తిరిగియ్యి. తక్కువైతే చెప్పు."

సేఠ్‌కు సిగ్గేసినట్టుంది. అంత అవసరం లేదని గొణిగాడు. అమ్మ వినలేదు. తూకం వేయించాక రాగి ధర బాకీ కంటే కొంచెం ఎక్కువే అయింది. మిగిలినదానికి జొన్నలు పంపించాడు. నాయనమ్మ ఆ కాగును తలుచుకుని ఆ పూట మెతుకు ముట్టలేదు. ఆ కాగు ఆమె కాపురానికి వచ్చినప్పటిది. ఆ రోజు నుంచి మేము మట్టికుండలో కాచిన నీళ్ళు పోసుకున్నాం. ఆ నీళ్ళు తొలకరి వాసన వచ్చేవి. నాకూ తమ్ముడికీ అదే బాగుండేది.

"చెప్తే ఏమైందో సూసినవా?" అన్నాడు బాపు.

"ఏమైంది? ఒక బాకీ తీరింది," అంది అమ్మ.

సాహుకారు దగ్గరికి కార్వాన్ పోయేరోజు నాయనమ్మ ముందే చెప్పులు వేసుకుని కూర్చుంది. అంతవరకు కోడలు చేసే ప్రతి పనికీ సణుగుతూనే ఉంది. "అది నేను పెట్టిన ఒడ్డాణం. అమ్మితే నా కండ్ల ముంగట అమ్మాలె," అంది. ముగ్గురం నడిచిపోయాం. పురానాపూల్ వంతెన దాటేసరికి ఎండకు రాళ్ళు కాలుతున్నాయి. నాయనమ్మ ప్రతి నీడలోనూ ఆగి ముక్కుపొడి పీల్చి, తుమ్మి, మళ్ళీ నడిచేది.

సాహుకారు దుకాణంలో తెల్లటి పరుపు, వెనక ఇనుప పెట్టె. అమ్మ నిలబడే చెప్పింది. ఒడ్డాణం విడిపించుకునే శక్తి మాకు లేదు. ఊరికే నెలనెలా వడ్డీ కట్టడం ఇష్టం లేదు. కంసాలిని పిలిచి తూకం వేయించి, బజారు ధర కట్టి, అప్పు కొట్టేసి మిగిలింది ఇవ్వాలి. సాహుకారు నవ్వాడు. "తొందరేముందమ్మా? వస్తువు నా దగ్గర పదిలంగ ఉంటది. మిత్తి కట్టుకుంట పోండి." అమ్మ పట్టు విడవకపోయేసరికి వెండి ధర పడిపోయిందన్నాడు. కంసాలి ఊళ్ళో లేడన్నాడు. రేపు రమ్మన్నాడు.

అప్పుడు నాయనమ్మ సరిగ్గా గడప మధ్యలో చతికిలబడింది.

"నాకేం తొందర లేదు నాయినా. కంసాలి ఎప్పుడొస్తే గప్పుడే. ఈడ్నే కూసుంట."

కూర్చోవడమే కాదు, వచ్చినవాళ్ళందరికీ కథ చెప్పడం మొదలుపెట్టింది. వస్తువు కుదువ పెట్టడానికి మూటతో వచ్చిన ఒక ఆమెను చేయిపట్టి కూర్చోబెట్టి, మిత్తి ఎట్లా పెరుగుతుందో మొదటి నుంచి చెప్పింది. ఆమె మూట చంకలో పెట్టుకుని వచ్చినదారినే వెళ్ళిపోయింది. తర్వాత వచ్చినాయన కూడా గుమ్మంలో నిలబడి అంతా విని తల ఊపి పోయాడు. సాహుకారు చెమట తుడుచుకున్నాడు. ఊళ్ళో లేని కంసాలి పక్క గల్లీలోంచి వచ్చాడు. అప్పు తీరింది, కొద్దిగా మిగిలింది కూడా. తిరిగివచ్చేటప్పుడు నాయనమ్మ ఖర్బూజ కొనిపించి, నాకు పెద్ద ముక్క ఇచ్చి చెవిలో చెప్పింది. "మీ అమ్మ నాకంటే మొండిది. నేనన్ననని చెప్పకు."

మా పక్కింట్లో ఒక ముసలామె ఉండేది. మేము ఖాలాజాన్ అనేవాళ్ళం. ఆమె లాడ్ బజార్ దుకాణాలకు లక్కగాజుల మీద రాళ్ళు అతికించి ఇచ్చేది. అమ్మ ఆమెను పని నేర్పమని అడిగింది. "నేర్చుకునుడేంది, వచ్చి కూసో," అంది ఖాలాజాన్. బొగ్గుల మీద రేకు పెట్టి, దాని మీద గాజు వెచ్చబెట్టి, లక్క మెత్తబడగానే సన్నటి చిమటాతో రాయి పట్టుకుని పెట్టి నొక్కాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే రాయి పట్టదు, తొందరపడితే వేలు కాలుతుంది. "జల్దీ బేటీ, జల్దీ, లక్క ఠండా పడుతున్నది," అని ఖాలాజాన్ అంటుండగా అమ్మ వేళ్ళు ఊదుకుంటూ కూర్చునేది. కొన్నాళ్ళకు నాకూ చేయి తిరిగింది. ఎర్రరాయి, తెల్లరాయి, మళ్ళీ ఎర్రరాయి. ఇల్లంతా లక్క వాసన. తబేలాలో ఉలవలు తగ్గించాక ఇంట్లో ఉలవచారు వాసన లేని లోటు దానితో కొంత తీరింది.

తమ్ముడికి ఆ రాళ్ళమీదే కన్ను. ఒకరోజు నాయనమ్మ ముక్కుపుడకలా పెట్టుకుంటానని రాయిని ముక్కులోకి తోసుకున్నాడు. అది లోపలికి పోయింది. ఏడిస్తే ఇంకా లోపలికి పోయింది. అమ్మ చిమటా విసిరేసి వాడి తల పట్టుకుంది; ఆ ఎండాకాలంలో ఆమె భయపడటం నేను చూసింది అప్పుడే. ఖాలాజాన్ మాత్రం తొణకలేదు. నాయనమ్మ ముక్కుపొడి డబ్బా లాక్కుని చిటికెడు తీసి వాడి ముక్కు దగ్గర ఊదింది. వాడు ఇల్లదిరేలా తుమ్మాడు. రాయి ఎగిరి నీళ్ళకుండలో పడింది. ఖాలాజాన్ దాన్ని కడిగి, తుడిచి, గాజుకు అతికించేసింది. ఆ గాజులు ఏ పెళ్ళికూతురు వేసుకుందో!

ఇక మిగిలింది ఖాన్ సాబ్. నెల మొదట్లో ఆయన కర్ర చప్పుడు గల్లీలో వినగానే బాపు లోపలి గదిలోకి పోయాడు. "ఇంట్ల లేడని చెప్పు బిడ్డా," అని నన్ను ముందుకు తోశాడు. నేను గుమ్మంలో నిలబడి నోరు తెరిచాను. వెనకనుంచి అమ్మ గొంతు వచ్చింది. "ఉన్నడు ఖాన్ సాబ్. వస్తున్నడు, కూసో."

బాపు అంగీ సర్దుకుంటూ బయటికి రాక తప్పలేదు. నేల చూస్తూ నిలబడ్డాడు. అమ్మే మాట్లాడింది. "ఈయన నౌకరీ పోవచ్చు. ముందుగాలనే చెప్తున్నం. ఇయ్యాల్టి సంది మిత్తితోని పాటు అసలు కూడా కొంతకొంత తీసుకో."

ఖాన్ సాబ్ గడ్డం నిమురుకున్నాడు. "అసల్ నేను అడిగిననా? మిత్తి ఇయ్యి, బస్. ఖుష్ ఉండు."

"మిత్తి కట్టుకుంట పోతే నా మనుమలు గూడ నీకు కడుతనే ఉంటరు."

ఆయన కర్ర నేలకేసి కొట్టాడు. నౌకరీ పోతే తనకేంటని, పైసలు పైసలేనని కేకలేశాడు. అమ్మ గాజులపని పైసలు తెచ్చి, వడ్డీ ఒక చేతిలో, అసలు కింద కొంత ఇంకో చేతిలో పట్టుకుని చాపింది. చాలాసేపటికి రెండూ తీసుకున్నాడు. ఆయన పోయాక బాపు కొన్నాళ్ళు అమ్మ ముఖంలోకి చూడలేదు.

ఆషాఢం వచ్చింది. గల్లీలో వేపాకు తోరణాలు, పసుపునీళ్ళు, బోనాల డప్పులు. పండగ వెళ్ళిన వారానికే దేవిడీ గుర్రాలను అమ్మేశారు. ఒక్కొక్కదాన్నీ కమాను దాటిస్తుంటే, కొన్నవాళ్ళకు ఏ గుర్రం దేనికి బెదురుతుందో, ఏది ఏ చేత్తో పెడితే మేత తింటుందో బాపు దగ్గరుండి చెప్పాడట. ఆ సాయంత్రం ఆయన ఇంటికి ఒక్కడే రాలేదు. వెంట ఎవరూ కొనని ముసలి ఆడగుర్రం ఒకటి వచ్చింది. ఆఖరి నెల జీతానికి బదులుగా దాన్ని అడిగి తెచ్చుకున్నాడు.

గల్లీ పిల్లలందరం చుట్టూ మూగాం. అమ్మ కోప్పడుతుందేమోనని నేను ఆమెనే చూస్తున్నాను. అమ్మ గుర్రాన్ని కాళ్ళ నుంచి చెవులదాకా చూసింది.

"ఇది బండి గుంజుతదా?"

"మెల్లగ గుంజుతది."

"బండి ఎట్ల?"

"రోజు కిరాయికి జట్కా ఇస్తనన్నడు ఒకాయన. అప్పు కాదు. సాయంత్రానికి సాయంత్రం ఇచ్చేసుడే."

"అయితే మంచిదే," అంది అమ్మ. పోయి కుడితి కలుపుకొచ్చింది.

నవాబు గారి బగ్గీ తోలినవాడు కిరాయి జట్కా మీద కూర్చోవడం చిన్నసంగతి కాదు. మొదటిరోజు బాపు దేవిడీలో ఇచ్చిన ఎర్ర తలపాగా పెట్టెలో పెట్టేసి మామూలు రుమాలు చుట్టుకున్నాడు. నన్ను పక్కన ఎక్కించుకున్నాడు. జట్కా ఎక్కే సవారీల కోసం నిలబడకుండా నేరుగా చార్మినార్ దగ్గరి చాయ్ హోటల్ ముందుకు తోలి ఆపాడు. లోపల ఖాన్ సాబ్ సాసర్‌లో చాయ్ పోసుకుని తాగుతున్నాడు. బాపు దిగి తిన్నగా ఆయన ముందుకే పోయాడు. ఎవరూ ఆయన్ను పంపలేదు. అమ్మకు తెలియను కూడా తెలియదు.

"ఖాన్ సాబ్, నౌకరీ పోయింది. జట్కా తోలుతున్న. నీ పైసలు తీరుస్త. ఇల్లిడిచి యాడికీ పోను. గా మాట చెప్పనీకె వచ్చిన."

ఖాన్ సాబ్ సాసర్ కిందపెట్టాడు. కేకలేస్తాడని నేను కళ్ళు మూసుకున్నాను. ఆయన లేచి బయటికొచ్చి గుర్రం పెదవి ఎత్తి పళ్ళు చూశాడు. మెడ నిమిరాడు. తన దేశంలో వాళ్ళ నాయనకు గుర్రాలుండేవని ఎవరూ అడగకుండానే చెప్పాడు. "బుడ్డీ అయింది, ముసల్ది," అన్నాడు. "నేను గూడ అయిన. మోకాళ్ళు నొస్తున్నయి. వసూలీకి తిరుగుడు కష్టమైతున్నది. నెల మొదటి దినాలు నన్ను తిప్పు. కిరాయి అసల్ల కాట్ చేస్త. మిత్తి మాఫ్."

అట్లా మా బాపు, తనకు అప్పిచ్చినవాణ్ణి ఎక్కించుకుని పాతబస్తీ గల్లీలన్నీ తిప్పాడు. ఖాన్ సాబ్ దిగి తలుపులు కొట్టేవాడు. బాపు గుర్రం చెవుల మధ్యనుంచి ఎదురుగా చూస్తూ కూర్చునేవాడు. ఒకరోజు ఇంటికి వచ్చి, చెంబెడు నీళ్ళు తాగి, మెల్లగా అన్నాడు. "ఇయ్యాల ఒక ఇంట్ల చిన్నపిల్ల బయటికొచ్చి బాపు లేడని చెప్పింది. లోపల ఆయన దగ్గు ఇనవడుతనే ఉన్నది."

అమ్మ చేతిలో రొట్టె ఆగింది. "నువ్వేమన్నవు?"

"నేనేమంట? గుర్రం దిక్కు సూసుకుంట కూసున్న."

కానీ తర్వాతి నెల అదే ఇంటి ముందు బాపు కూడా దిగాడట. తలుపు సందులోంచి, "అన్నా, బయటికొచ్చి మాట్లాడు. నేను గూడ బాకీ ఉన్నోన్నే," అన్నాడట. ఆయన వచ్చాడట కూడా. ఏం మాట్లాడుకున్నారో మాకు చెప్పలేదు.

మరుసటి ఏడు బోనాలు కూడా దాటాక, ఒకరోజు ఖాన్ సాబ్ మా గల్లీ మొదట్లో జట్కా దిగి, ఎప్పటిలాగా కర్ర ఊపి వెళ్ళిపోలేదు. జేబులో చేయిపెట్టి ఆ రోజు కిరాయి తీసి బాపు చేతిలో పెట్టాడు. బాపుకు మొదట అర్థం కాలేదు. "లెక్క సాఫ్," అన్నాడు ఖాన్ సాబ్. "రేపటి సంది నేను నీ సవారీని. బేరం చేస్త, చూస్కో."

ఆ జట్కాలు పోయాయి. దేవిడీ గోడలు పడగొట్టి దుకాణాలు కట్టారు. ముసలి గుర్రం, నాయనమ్మ, ఖాలాజాన్ ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయారు. బాపు బతికినన్నాళ్ళూ జట్కా తోలాడు. ఉద్దెర అన్న మాట మా ఇంట్లో మళ్ళీ వినపడలేదు. అప్పు తీరిన మరునాటి సాయంత్రాన్ని తలుచుకుంటే మాత్రం వాళ్ళందరూ ఇప్పుడే గడప దాటి వెళ్ళినట్టు ఉంటుంది నాకు. ఆ రోజు బాపు సవారీలు మానుకుని, జట్కా కడిగి, మా అందర్నీ ఎక్కించాడు. అన్ని రోజులూ ఎక్కడికైనా నడిచే పోయిన అమ్మ, మొదటిసారి అందులో కూర్చుంది.

"యాడికి తోలాలె?" అన్నాడు బాపు.

"యాడికైనా తోలు. ఏ గల్లీకెల్లైనా పో," అంది అమ్మ.

ఆడవాళ్ళు ఎక్కితే జట్కాకు పరదా దింపడం అప్పటి రివాజు. బాపు అలవాటుగా దింపబోయాడు. అమ్మ ఆ పరదాను చేత్తో పట్టి పైకెత్తింది. గాజులు చేసిచేసి కాయలు కాసిన ఆ చేత్తో, చార్మినార్ దాకా దాన్ని అలాగే పట్టుకుని, దారికి రెండువైపులా చూస్తూ కూర్చుంది.